బొట్టు పెట్టిన విమానాలు

విమానం ఎక్కడం మాట అటుంచి, విమానం ఎక్కిన మనిషి ఎలా ఉంటాడో చూడడానికే మేం వీధిలోకొచ్చి నిలబడే కాలమది. మాది జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషను దగ్గర రైల్వే క్వార్టరు. నాన్న గూడ్సు బండి గార్డు. ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏ బండి ఎంత లేటు, ఎవరికి ఏ డ్యూటీ పడింది, ఈసారి పాసు మీద శ్రీకాకుళం ఎప్పుడెళ్ళాలి అన్న గొడవే. అలాంటి ఇంట్లో పదహారేళ్ళు పెరిగి, నేను పోగేసిన వస్తువేమిటయ్యా అంటే జపాను దేశంలో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే విమానాల పోస్టుకార్డులు. (ఎందుకని మాత్రం అడక్కండి. పోగేసేవాళ్ళని ఆ ప్రశ్న అడిగితే మనసు చివుక్కుమంటుంది.)

ఈ పిచ్చికి మూలకారకుడు మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. బిష్టుపూర్‌లో కంపెనీ గెస్ట్ హౌసులో వంటవాడు. అప్పట్లో కర్మాగారంలో ఏదో పెద్ద యంత్రం బిగించడానికి జపాను ఇంజనీర్లు వచ్చి ఆ గెస్ట్ హౌసులోనే ఉండేవారు. వాళ్ళ దేశంలో విమానం ఎక్కిన ప్రతివాడికీ ఆ విమానం బొమ్మ ఉన్న కార్డొకటి ఊరికే ఇస్తారట. వీళ్ళు దాన్ని చదువుతున్న పుస్తకంలో గుర్తుకి పెట్టుకుని, గది ఖాళీ చేసినప్పుడు అక్కడే వదిలేసి పోయేవారు. మావయ్య ఒకరోజు అలాంటిదొకటి తెచ్చి "ఇదిగోనే, బొమ్మ" అని నా ఒళ్ళో పడేశాడు. నీలాకాశంలో తెల్లటి విమానం, కింద మంచుకొండ. అంతే, నా చదువు అటకెక్కింది.

రెండేళ్ళలో ఇరవై మూడు కార్డులయ్యాయి. జపాను అక్షరాలు రావు కనక కంపెనీలకి నేనే పేర్లు పెట్టుకున్నాను: నీలితోక, ఎర్రగీత, గుమ్మడిపువ్వు. అమ్మ చీరల అట్టపెట్టె ఒకటి కాజేసి, కార్డుకీ కార్డుకీ మధ్య పల్చటి కాయితం వేసి దాచేదాన్ని. చేతులు సబ్బుతో కడుక్కోనిదే ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకున్నా అంచులు పట్టుకోవాలి. "మడికట్టుకున్న ముసిల్దాన్ని, నానే ఇంత సెయ్యను గదే" అని నానమ్మ మూతి తిప్పేది. నాన్న ఒకసారి బొమ్మనంతా పరీక్షగా చూసి "ఇంజను ముందరుంది, బాగుంది. యెనకాల గార్డు పెట్టె ఏదే?" అని అడిగి, లేదని తెలిశాక ఆ విమానాల మీద నమ్మకం పూర్తిగా వదులుకున్నాడు.

ఇన్ని ఉన్నా నాకొక లోటుండేది. ఎర్రగీత వాళ్ళకి పెద్ద విమానాలతో పాటు, చిన్న చిన్న దీవులకి తిరిగే రెండు పంకాల బుల్లి విమానం ఒకటుంది. పెద్ద విమానం కార్డు మూలలో దాని బొమ్మ గోరంత వేశారు. అది చూసినప్పటి నుంచీ దాని అసలు కార్డు కోసం నేను పడ్డ బాధ ఇంటర్ పరీక్షల కోసం కూడా పడలేదు. ఒకరోజు మావయ్య చంకలు గుద్దుకుంటూ వచ్చి ఇచ్చిన కార్డు అచ్చంగా అదే! నేను గెంతులేస్తుండగా మర్నాడు ముఖం వేలాడేసుకుని మళ్ళీ వచ్చాడు. "ఏటే, కొంప ములిగింది. అది పారీసింది కాదట. టేబుల్ మీద పెట్టుకున్నాడట. గదంతా తిరగేత్తన్నాడు పాపం."

అది దణ్ణాల దొర కార్డు. ఆ జపాను ఇంజనీర్లలో ఒకాయనకి మావయ్య పెట్టిన పేరది. కాఫీ ఇస్తే వంగి దణ్ణం, కప్పు తీస్తే వంగి దణ్ణం, తలుపు తీసినందుకు తలుపుకి కూడా ఒకటి పెడతాడేమో అన్నట్టుండేవాడట. ఏడుపు మింగుకుని, ఇంగ్లీషులో క్షమాపణ ఉత్తరం రాసి, కార్డు తిరిగి పంపాను. ఊరికే ఉండలేక (అంటే గొప్ప చెప్పుకోకుండా ఉండలేక) నా దగ్గరున్న కార్డుల పట్టీ కూడా జత చేశాను. రెండో రోజుకే జవాబొచ్చింది. నా పట్టీలో పదిహేడోది, సాక్చీ బజారులో పాతపుస్తకాల వాడి దగ్గర కొన్న సైన్సు పుస్తకంలో దొరికిన పాత కార్డు, ఆయనకి కావాలట. ఆ కంపెనీ ఇప్పుడు లేదట, ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నాడట. అదిస్తే రెండు పంకాల కార్డు నాకిస్తాడట. విశ్వకర్మ పూజ రోజు కర్మాగారానికి సెలవు, ఆ మధ్యాహ్నం మా ఇంటికే వస్తానన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆయన తన దేశం వెళ్ళిపోతున్నాడు.

జంషెడ్‌పూర్‌లో విశ్వకర్మ పూజంటే మాటలా! క్రేన్ల దగ్గర్నుంచి రిక్షాల దాకా ప్రతిదానికీ దండ, బొట్టు, మిఠాయి. మా ఇంట్లో ఆ శాఖ నానమ్మది. ఆ పొద్దున నేను కార్డులన్నీ మంచం మీద శుభ్రమైన దుప్పటి పరిచి వరసగా పేర్చి, తలంటుకోడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నానమ్మ పసుపు కుంకాల పళ్ళెంతో ఇల్లంతా చుట్టేసింది. నాన్న సైకిలుకి బొట్టు, చేతిదీపానికి బొట్టు, కుట్టుమిషనుకి, రేడియోకి, ఇస్త్రీపెట్టెకి బొట్టు. మంచం మీద ఇరవై మూడు విమానాలకీ, ఒక్కటి తప్పిపోకుండా, సరిగ్గా ముక్కు మీద, ముందు తడిపసుపు, దానిమీద కుంకం!

"హే భగవాన్! యే క్యా కర్ దియా ఆప్‌నే!" అని అరిచాను. (మాకు కోపమూ ఏడుపూ హిందీలోనే వచ్చేవి.)

"ఏటయిపోనాదే? నేల మీద తిరిగే సైకిలుకెట్టినాను. గాల్లో ఎగిరీదానికి ఎట్టొద్దా? అది పడిపోతే పట్టుకోడానికి అక్కడేటుంది?" అంది నానమ్మ, తప్పంతా నాదైనట్టు.

రబ్బరుతో రుద్దాను, బ్రెడ్డు ముక్కతో అద్దాను, పౌడరు చల్లి దులిపాను. కుంకం కొంచెం పోయింది, పసుపు మాత్రం ఇంకా నిగనిగలాడింది. పదిహేడో కార్డు ముక్కు మీద రూపాయంత మచ్చ. మా అమ్మ పులిహోర కలుపుతూ "ఆయన సూడ్డులేవే" అని ఓదార్చింది. సూడ్డట! ఎన్నేళ్ళుగానో దానికోసం వెతుకుతున్న మనిషి చూడకపోవడమేమిటి?

రెండు గంటలకి మావయ్య దణ్ణాల దొరని రిక్షాలో తీసుకొచ్చాడు. సన్నగా, పొట్టిగా, ఇస్త్రీ చొక్కాతో యాభై ఏళ్ళ మనిషి. గుమ్మంలో నానమ్మని చూసి వంగాడు. పెద్దదానికి దణ్ణం పెడుతున్నాడనుకుని నానమ్మ "నూరేళ్ళు బతుకు నాయినా" అని దీవించింది. దీవించినందుకు ఆయన మళ్ళీ వంగాడు. ఆవిడ మళ్ళీ దీవించింది. దీవెనలు నాలుగు వందల ఏళ్ళకి చేరాక మావయ్య అడ్డుపడి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

నేను పదిహేడో కార్డు ఆయన చేతిలో పెట్టాను. ఆయన రుమాలు తీసి, రుమాలుతో పట్టుకుని, చూశాడు. "సారీ సర్" అన్నాను, అక్కడితో నా ఇంగ్లీషు అయిపోయింది. ఆయన మచ్చ మీద వేలు పెట్టి "వై?" అన్నాడు. మావయ్య గెస్ట్ హౌసు ఇంగ్లీషు అందుకున్నాడు. "టుడే మిషన్ పూజా సార్. దిస్ రెడ్, నో ఫాల్. ఏరోప్లేన్, నో ఫాల్ డౌన్."

దణ్ణాల దొర సంచీలోంచి తన కార్డుల కట్ట తీసి, బొమ్మలు కాదు, వెనకవైపు చూపించాడు. ప్రతి దాని వెనకా పెన్సిలుతో ఒక తేదీ. ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ ఆయన చెప్పినదానికి తాత్పర్యం ఇది. ఆయనకి విమానమంటే ప్రాణభయం. వందడుగుల ఎత్తు క్రేను మీద నడుస్తాడు గానీ విమానం తలుపు మూస్తే చెమటలు. ఉద్యోగం కోసం ఎక్కక తప్పదు. ఎక్కగానే ఇచ్చిన కార్డుని దిగేదాకా పిడికిట్లో పట్టుకు కూర్చుంటాడు, దిగాక తేదీ వేస్తాడు. (ఆయన కార్డుల మూలలన్నీ నలిగి ఉండడం చూసి, ఈయనకి కార్డు జాగ్రత్త తెలీదని నేను లోలోపల తీర్పు చెప్పేసి ఉన్నాను.) పదిహేడో కార్డు విమానం ఆయన కుర్రతనంలో మొట్టమొదట ఎక్కినది. ఆ కంగారులో కార్డు సీట్లోనే వదిలేసి దిగిపోయాడట. ఇప్పుడు దాన్ని బొట్టుతో సహా గుండెలకి ఆనించుకుని మళ్ళీ వంగాడు. నానమ్మ మళ్ళీ దీవించింది.

అప్పుడు జేబులోంచి రెండు పంకాల కార్డు తీశాడు. నా చేతులు ముందుకెళ్ళాయి. ఆయన మాత్రం దాన్ని నానమ్మ ముందు పెట్టి, విమానం ముక్కు చూపించి, తన నుదురు చూపించాడు. ఇంకో మూడు రోజుల్లో ఆయన వాళ్ళమ్మ ఉన్న దీవికి వెళ్ళాల్సింది ఆ విమానం మీదేనట. నానమ్మ కళ్ళు మూసుకుని, ఏ దేవుడికి చెప్పుకుందో గానీ, తీరిగ్గా బొట్టు పెట్టింది. ఆయన ఆ కార్డుని ఇచ్చిన మాట ప్రకారం రెండు చేతులతో నాకందించాడు. చేతులు నావైపు, కళ్ళు కార్డు వైపు.

ఉదారంగా నేనే "మీరే ఉంచుకోండి" అన్నానని రాసుకోవాలని ఎన్నోసార్లు అనిపించింది. అనలేదు. గట్టిగా పట్టుకున్నాను. నానమ్మే నా చేతిలోంచి లాగి ఆయన జేబులో పెట్టి, పైనుంచి తట్టి, "దిగినాక పంపుతాడులేవే" అంది. నేను వంటింట్లోకి పోయి పులిహోర మూకుడు పక్కన కూర్చుని ఏడ్చాను. ఇవ్వాల్సింది ఇచ్చాను, పుచ్చుకోవాల్సింది దక్కలేదు. ముసిలావిడ నన్ను నిలువునా ముంచింది.

నాలుగు రోజులయ్యాక నానమ్మ మొదలెట్టింది. "దణ్ణాలోడు దిగీసినాడటేటే?" "ఏమో" అనేదాన్ని విసుగ్గా. నా ఎదురుచూపు కార్డు కోసం, ఆవిడది మనిషి కోసం. వారం అయింది, రెండు వారాలయ్యాయి. ఎప్పుడు మారిందో తెలీదు గానీ, రేడియో వార్తల్లో విమానం అన్న మాట వినబడితే ఇద్దరం ఒకేసారి లేచి రేడియో దగ్గరికి పరిగెత్తడం మొదలైంది. అది ఎవరో మంత్రిగారు విమానం దిగిన వార్త అయ్యేది. "ఆ మంత్రి దిగితే మనకేటి?" అని నానమ్మ కసురుకునేది. ఒకరోజు ఆవిడ అడగడం మర్చిపోతే నేనే వెళ్ళి "దిగే ఉంటాడులే నానమ్మా" అన్నాను.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం పోస్టుమేను నా పేరు పిలిచి కార్డిచ్చాడు. వెనకవైపు పెన్సిలుతో పాత తేదీ పక్కన కొత్త తేదీ, కింద ఇంగ్లీషులో రెండే ముక్కలు: "దిగాను. మామ్మగారికి దణ్ణాలు." "దిగాడు నానమ్మా! దిగాడు!" అని నేను అరిచిన అరుపుకి పక్క క్వార్టర్ల వాళ్ళు కూడా బయటికొచ్చారు. నానమ్మ "దిగడేటి మరి, నానెట్టిన బొట్టు" అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అందరికీ బెల్లం ముక్క పంచింది. ఎవరు దిగారో, ఎక్కణ్ణుంచి దిగారో తెలీకుండానే అందరూ సంతోషించారు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన నాన్న కార్డు తిరగేసి "పంకాలు రెండున్నాయే దీనికి" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అంతవరకూ బొమ్మ వైపు చూడనేలేదని.

అదే కార్డు. మూల నలిగి, తపాలా ముద్ర పడి, ముక్కు మీద బొట్టు చెమటకి పాకిపోయి, పోగేసేవాళ్ళ లెక్కలో పనికిరాని సరుకు. ఆ తర్వాత నాకు చాలా కార్డులు వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. నాలాంటి పిచ్చివాళ్ళు నలుగురం కలిసినప్పుడు వాళ్ళంతా బొమ్మ రంగు చూస్తారు, అంచులు చూస్తారు. నేను ముందు కార్డు వెనక్కి తిప్పుతాను. అదేం అలవాటండీ అని నవ్వుతారు, నేనూ నవ్వుతాను. చాలా కార్డుల వెనక ఏమీ రాసి ఉండదు. దిగే ఉంటారులే అనుకుని పెట్టెలో పెట్టేస్తాను.