గ్రైండర్‌కి తోడొచ్చిన సోల్ రికార్డు

తడిసి ఆరిన అట్టపెట్టె, మూలన పడేసిన కంబళి, చిటికెడు పసుపు, వీటన్నిటి అడుగున ఎక్కడో పులిసిన మినప్పిండి, ఈ నాలుగూ కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సోల్ రికార్డు, అంటే అమెరికాలో నల్లజాతివాళ్ల పాటల రికార్డు, దాని అట్ట వాసన. మొన్న టెక్సస్‌లో, కాపెల్‌లో మా గరాజ్ సర్దుతుంటే స్పీకర్ల వెనక దొరికింది. తెలుగువాళ్ల ఫంక్షన్లకి సౌండ్ పెట్టడం నా పని. హైస్కూల్ మధ్యలోనే మానేశాను. అమెరికాలో తెలుగు ఇంట్లో పిల్లాడు చదువు మానేస్తే ఎలా ఉంటుందంటే, నాన్న స్నేహితులంతా పరామర్శకి వచ్చినట్టు ఒక్కొక్కరే వచ్చి, నా వంక జాలిగా చూసి, కాఫీ తాగి వెళ్లారు. ఆ అంకుల్సే ఇప్పుడు వాళ్ల మనవళ్ల బర్త్‌డేలకి నన్ను బుక్ చేసుకుంటున్నారు, అది వేరే సంగతి.

అప్పట్లో మేం ఎడిసన్‌లో, మన కొట్లుండే ఓక్‌ట్రీ రోడ్డుకి నడిచి వెళ్లేంత దూరంలో, రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. చలికాలం వస్తే హీటర్ మీద ఆరేసిన సాక్సుల వాసనా, ఇంగువ వాసనా కలిసిపోయి మా ఇంటికే ఒక జెండాలా ఎగిరేది. మంచు కరిగితే పార్కింగ్ లాట్‌లో టెన్నిస్ బంతితో క్రికెట్, ఎవరి కారుకి తగిలితే వాళ్లే అంపైర్. ఎండాకాలం సాయంత్రాలు బాల్కనీలో అమ్మ వడియాలు పెడితే ఉడతలు వచ్చి రుచి చూసి, కారం తగిలి, తోక దులుపుకుంటూ పారిపోయేవి. ఏ కాలమైనా శనివారం పొద్దున మాత్రం గ్రైండర్‌దే. నాన్న దాన్ని తెనాలి నుంచి తెచ్చాడు. రాళ్లని చీరల్లో చుట్టి పెట్టెలో పెట్టేసరికి బరువు దాటిపోయి, తన బట్టలు తీసి ఎయిర్‌పోర్ట్‌లోనే తమ్ముడి చేతికిచ్చి వచ్చాడట. ఆ ఏడాది మా నాన్నకి ప్యాంట్లు లేవు, మాకు మాత్రం దూదిలాంటి ఇడ్లీలు. ఇండియా మోటారు కాబట్టి దానికొక ట్రాన్స్‌ఫార్మర్, అది ఒక పక్క తుమ్మెదలా రొద చేస్తుంటే, ఇదొక పక్క నేల అదిరేలా గరగరమనేది.

ఒక శనివారం అపార్ట్‌మెంట్ మేనేజర్ వచ్చాడు. కింద నుంచి కంప్లెయింట్ వచ్చిందనీ, ఇంకొక్కటి వస్తే లీజ్ రెన్యూ చెయ్యననీ చెప్పి వెళ్లాడు. నాన్నకి కారు లేదు, ఆఫీస్‌కి ట్రైనే గతి, స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే ఇల్లు అదొక్కటే.

"ఇల్లు పోతే పోయింది, గ్రైండర్ మాత్రం ఇవ్వను," అంది అమ్మ.

"ఇల్లు పోతే గ్రైండర్ ఎక్కడ పెడతావే, నా నెత్తిన పెడతావా?"

"పెడతా. ఖాళీగానే ఉందిగా."

నాన్న బట్టతల తడుముకుంటూ బయటికి వెళ్లి, పక్క వీధిలో ఎవరో పాత సామాన్లు అమ్మేస్తున్న గరాజ్ సేల్ నుంచి ఒక రికార్డ్ ప్లేయర్ మోసుకొచ్చాడు. దానితోపాటు ఊరికే వచ్చిందే ఆ రికార్డు. అట్ట మీద గోధుమరంగు సూటు వేసుకున్న నల్లజాతి గాయకుడు, మెట్ల మీద కూర్చుని, మోకాలి మీద టోపీ పెట్టుకుని, మన ఇంటికి భోజనానికొచ్చి ఇంకా పిలవలేదేంటా అని చూస్తున్నట్టుండేవాడు. నాన్న ప్లాన్ ఏంటంటే, పాట గట్టిగా పెడితే గ్రైండర్ వినపడదు. ఇంజినీర్ బుర్ర! ఒక చప్పుడు పోవడానికి ఇంకో చప్పుడు.

అలా శనివారాలు మారిపోయాయి. ముందు ఆర్గన్, పొయ్యి మీద పాలు పొంగే ముందు అంచులు వణికినట్టు. తర్వాత బేస్ గిటార్, కాళ్ల కింద నేలలోంచి పాక్కుంటూ వచ్చేది. ఆ తర్వాత ఆయన గొంతు, ఏ తొందరా లేకుండా, బతిమాలుతున్నా తల దించకుండా, పొమ్మంటే పోతాను కానీ ఒక్క మాట విని చెప్పు అన్నట్టుగా ఉండేది. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఎవర్నో బాగా ఇబ్బంది పెట్టినట్టున్నాడు, ఇప్పుడు ఏడుస్తున్నాడు," అని తేల్చేసింది. ఇన్నేళ్లుగా ఆ పాటలు వింటున్నాను, అంతకన్నా మంచి విమర్శ నాకు కనపడలేదు.

పిండి నలిగాక అమ్మ గ్రైండర్ ఆపి, ఆ వెంటనే రికార్డు ముల్లు కూడా లేపేసేది. చప్పుడు లేనప్పుడు పాటెందుకు, కరెంట్ దండగ! అది ఎప్పుడూ మూడో పాట మధ్యలోనే జరిగేది. అలా కొన్ని వారాలు గడిచాక ఒక శనివారం తలుపు దడదడలాడింది. కింద ఇంట్లో ఒంటరిగా ఉండే లొరెయిన్, జుట్టుకి కర్లర్లతో, చేతిలో కప్పుతో గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ నన్ను ముందుకి తోసింది. "ఒరేయ్, మాట్లాడరా. గ్రైండర్ తీసేస్తున్నామని చెప్పు. సారీ చెప్పు. ముందు సారీ చెప్పు."

నేను చెప్పేలోపే ఆవిడ అందుకుంది. "ఆ పాటని సగంలో కోసేస్తున్నది ఎవరు? ప్రతి శనివారం నేను కింద వంటింట్లో నిలబడి చివరి వరస కోసం చూస్తున్నా. సరిగ్గా అతను మోకాళ్ల మీద కూర్చోబోయే చోట, టక్కున! మీకు మనసు లేదా?"

నేను తర్జుమా చేశాను. అమ్మకి నమ్మకం కుదరలేదు. "అంతేనా? గ్రైండర్ గురించేం అనలేదా?"

అడిగాను. "ఆ డ్రమ్మా?" అంది లొరెయిన్. "అది తాళం తప్పుతోంది. పోయినసారి కంప్లెయింట్ చేసింది నేనే, హనీ. అప్పుడు పాట లేదు, ఉత్త డ్రమ్మే. పాట పూర్తిగా వెయ్యండి, నేను ఫోన్ ముట్టుకోను. సగంలో ఆపారా, మేనేజర్‌కే చేస్తా."

మా ఇల్లు నిలబడటానికి షరతు అదన్నమాట. కానీ పాట అయ్యేదాకా గ్రైండర్ తిప్పితే పిండి వేడెక్కిపోయి ఇడ్లీలు రాళ్లవుతాయి. అందుకని అమ్మ గ్రైండర్ ఆపేసి, గిన్నె ముందు నేల మీద కూర్చుని, రికార్డు ఆ వైపంతా అయ్యేవరకూ చేత్తో పిండి కలుపుతూ ఉండేది. వారం మొత్తంలో మా అమ్మ కూర్చోగా నేను చూసింది అప్పుడే. మోచేతి దాకా తెల్లటి పిండి, కిటికీలోంచి ఎండ, తల కొంచెం పక్కకి వాల్చి, పెదాలు కదిలిస్తూ, భాష రాని పాటకి తన భాషలో ఏవో మాటలు కట్టుకుంటూ. నేను ఆకలని అరిచినా, "ఉండరా, ఆయన ఇంకా చెప్పుకుంటున్నాడు," అనేది. వేడి ఇడ్లీలూ నల్లకారం కిందికి వెళ్లేవి, ఆవిడ చేసిన చిలగడదుంప 'పై', తీపి రొట్టెలాంటిది, మా ఇంటికి వచ్చేది.

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు అమ్మ గ్రైండర్‌కి గంధం రాసి బొట్టు పెట్టింది, నాన్న కంప్యూటర్‌కి పెట్టింది, నా సైకిల్‌కి పెట్టింది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ కష్టపడుతోంది కదా అని, రికార్డుకి కూడా నిండుగా మూడు బొట్లు పెట్టింది. మధ్య కాగితం మీద కాదు, పాట ఉండే చోట. పులిహోర, బొబ్బట్లు తిని హాయిగా పడుకున్నాం. శనివారం ముల్లు పెట్టగానే, ఆయన "ప్లీజ్" దగ్గర ఆగిపోయాడు. ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్. ఏ మనిషీ ఇంకో మనిషిని అంతలా బతిమాలకూడదు.

రెన్యువల్ ఆ నెలలోనే. మేనేజర్ సంతకం ఇంకా పెట్టలేదు. మెట్ల మీద లొరెయిన్ అడుగుల చప్పుడు వినగానే నాన్న బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

లొరెయిన్ రికార్డు చేతిలోకి తీసుకుని ఎర్రటి బొట్ల వంక చాలాసేపు చూసింది. "ఏంటిది?"

"పూజ చేశాం," అన్నాను. "మాకు పనికొచ్చే వాటికి దండం పెడతాం."

ఆవిడ ఒక బొట్టుని వేలితో తడిమి చూసింది. "నా భర్త ఈ రికార్డుకి డ్యాన్స్ చేసేవాడు, చాలా ఘోరంగా," అంది. "దీనికి దండం పెట్టినవాళ్లని మాత్రం ఇప్పుడే చూస్తున్నా."

పట్టుచీర మీద పడ్డ కుంకుమ దేనితో పోతుందో అమ్మకి తెలుసు. కుంకుడుకాయ రసం తీసింది. సింకు దగ్గర ఇద్దరూ భుజం భుజం ఆనించి నిలబడ్డారు, ఈవిడ రసం పోస్తుంటే, ఆవిడ మెత్తటి గుడ్డతో గీతల వెంబడి తిప్పుతూ తుడుస్తుంటే, మధ్యలో నేను కుంకుడుకాయకి ఇంగ్లీషు వెతుక్కుంటూ. ఆరాక ముల్లు పెట్టాం. ఆయన ప్లీజ్ దాటాడు. బాత్రూం గడియ కూడా తెరుచుకుంది.

తర్వాతి వారం మేనేజర్ కింద తలుపు కొట్టి, పైనుంచి ఇంకా గోల వస్తోందా అని అడిగితే, "గోలా? ఈ బిల్డింగ్‌లో పాట చివరిదాకా వినేది వాళ్లొక్కళ్లే," అందట లొరెయిన్. సంతకం పడింది.

ఇప్పుడా ఆల్బం నా ఫోన్‌లో కూడా ఉంది. ఫంక్షన్లలో భోజనాల వేళ, ఎవరికీ చెప్పకుండా అందులోంచి ఒక పాట కలిపేస్తాను. గోంగూర పప్పు వడ్డించుకుంటున్న ఆంటీ గరిటె ఆగిపోతుంది, తెలుగు రాని పిల్లలు ఫోన్లలోంచి తల ఎత్తుతారు. ఎందుకంటే చాలా పాటలు మనల్ని పొగుడుతాయి, కొన్ని గంతులేయిస్తాయి. ఇది మాత్రం మనల్ని కూర్చోబెడుతుంది. ఎవరో నిజంగా ఏదో అడుగుతున్నారని తెలిస్తే చేతిలో పని దానంతటదే ఆగుతుంది. ఇంకో యాభై ఏళ్లయినా ఆగుతుంది, రాసిస్తాను.

లొరెయిన్ లేదు. ఆ అపార్ట్‌మెంట్లు కూల్చి కొత్తవి కట్టారు. అమ్మ పిండి ఇప్పుడు ఇండియన్ స్టోర్ డబ్బాలో వస్తుంది. మా ఇంటి కింద ఎవరూ లేరు, ఉత్త టెక్సస్ మట్టే. మొన్న శనివారం గరాజ్ తలుపు ఎత్తి, నా దగ్గరున్న స్పీకర్లన్నీ కలిపి, ఫుల్ వాల్యూమ్‌లో ఆ మూడో పాట పెట్టి, చివరి వరస ముందు టక్కున ఆపేసి, వీధి వైపు చూస్తూ నిలబడ్డాను. ఎదురింటాయన కుక్కని నడిపించుకుంటూ వెళ్తూ, ఎంతో మర్యాదగా చెయ్యి ఊపి, వెళ్లిపోయాడు.