మాత్రకో ముడి

తొంభైల్లో పాడేరు దగ్గర ఒక కొండ ఊళ్లో టీచరుగా ఉన్నప్పుడు మైగ్రేన్ నా నెత్తినెక్కి కూర్చుంది. డాక్టరు మాత్రలు రాసి, నొప్పి మొదలవగానే ఒకటి వేసుకోమన్నాడు. వారంలో రెండు రోజులు మించితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుందని బెదిరించాడు కూడా.

ఇదంతా మా ఇంటి ఓనరు ముసలమ్మకి చెప్పడం నా బుద్ధితక్కువ. ఆ కొండవాళ్లు పెళ్లికి పిలవాలంటే, ఇంకెన్ని రోజులుందో అన్ని ముడులేసిన తాడు పంపుతారు. అలాంటి తాడొకటి తెచ్చి నా మాత్రల డబ్బాకి కట్టింది. మాత్ర వేసుకున్న రోజుకో ముడి, సంత రోజుకో ఎర్ర దారం. రెండు సంతల మధ్య మూడో ముడి పడకూడదు.

నాకు ఒళ్లు మండింది. ఎక్కాలు చెప్పే నాకే లెక్కలు నేర్పుతుందా? మూడో రోజూ నాలుగో రోజూ మాత్ర మింగేసి, డబ్బా చప్పుడు విని ఆవిడ వేసిన ముడులు గుట్టుగా విప్పేసేదాన్ని. ఆవిడకి చూపు ఆనదని నా ధైర్యం.

మూడు నెలలు తిరిగేసరికి తలనొప్పి రోజూ రావడం మొదలైంది. ఆవిడే నన్ను జీపెక్కించి పాడేరు తీసుకెళ్లింది.

"వారానికి ఎన్ని రోజులు వేసుకుంటున్నారు?" అన్నాడు డాక్టరు.

"రెండే," అన్నాను, తడుముకోకుండా.

ముసలమ్మ కొంగులోంచి తాడు తీసి బల్ల మీద పరిచింది. నేను ముడి విప్పిన చోటల్లా తాడు ఇంకా మెలి తిరిగే ఉంది. ఆవిడ వేలితో తడుముతూ అంది: "వారానికి రెండేసి ముడులే ఉన్నాయి బాబూ. మరి మద్దిన ఈ మెలికలేటో టీచరమ్మని అడుగు."