అన్నయ్య గొంతు కోసం కొన్న మైకు

"నా గొంతు టేపులోకి వచ్చిందా?" అని అడిగాడు అన్నయ్య. "బ్రహ్మాండంగా వచ్చింది" అన్నాను. రాలేదని అప్పటికే నాకు తెలుసు. ఆ సంగతి ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు.

అన్నయ్యది రేపల్లెలో కాపురం. చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకాలు ఆడేవాడు. గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గాని మాట ఉండదన్నాడు గుంటూరు డాక్టరు. వెళ్ళేలోగా నాలుగు పద్యాలైనా టేపు మీద ఉంచమని వదిన బతిమాలింది. బాపట్లలోని నా స్నేహితుడు టేపురికార్డరు ఇచ్చాడు. దాని మైకు ఎప్పుడో పాడైంది. కొత్తది కొనే పని నా మీద పడింది.

తెనాలిలో మైకుసెట్ల కొట్టాయన రెండు రకాలు చూపించాడు. నాకు అందే ధరలో ఉన్నది డైనమిక్ మైకు.

"గట్టి సరుకండి, కింద పడినా ఏం కాదు. కాకపోతే నోటికి జానెడు దూరంలో ఉండాలి. నాటకాలవాళ్ళు ఎడంగా నిలబడి పాడతారు గదండి, ఆయనకి ఇది కుదరదేమో."

"నేను చెప్పుకుంటాలెండి" అన్నాను.

పాడే రోజున అన్నయ్యకి చెప్పాను, ఒక్కసారి.

"ఏంట్రా, దాన్ని ముద్దెట్టుకోమంటావా? భట్టిప్రోల్లో మైకు లేకుండా చివరి వరసకి వినపడిన గొంతురా ఇది!"

"వదిలెయ్ తమ్ముడూ, ఆయన దగ్గరికొచ్చి పాడితే నీ మిషను బద్దలైపోద్ది" అని తోడు వాయించడానికి వచ్చిన హార్మోనియం ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

అన్నయ్య స్టేజీ మీద నిలబడినట్టే నిలబడ్డాడు. రాగం అందుకునేటప్పుడల్లా, అలవాటు కొద్దీ, మరి కాస్త వెనక్కి జరిగి ముఖం పైకెత్తేవాడు. మైకు హార్మోనియం పక్కనే ఉండిపోయింది. పద్యం మధ్యలో ఆపడం నాటకాలవాళ్ళలో మహా తప్పు. కాని పద్యానికీ పద్యానికీ మధ్య బోలెడు వ్యవధి ఉంది. అప్పుడూ నోరు మెదపలేదు.

అంతా అయ్యాక టేపు కొంచెం వెనక్కి తిప్పి, సౌండు తగ్గించి, స్పీకరుకి చెవి ఆనించాను. హార్మోనియం రొద. దాని వెనకాల, కాలవ అవతలి గట్టు నుంచి ఎవరో పిలుస్తున్నట్టు అన్నయ్య.

"రాకపోతే చెప్పరా, ఇంకోసారి పాడతాను. ఈసారి నువ్వు చెప్పినట్టే దగ్గరగా నిలబడతాలే."

తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అన్నాడు. రాలేదంటే, కొట్టాయన హెచ్చరించినా వినకుండా చవకదే తెచ్చానని అందరి ముందూ ఒప్పుకోవాలి. అందుకే వద్దన్నాను. మర్నాడు గుంటూరు బస్సెక్కాడు. ప్రాణంతో తిరిగొచ్చాడు, మాట లేకుండా.

ఆ తరవాత వదిన అడిగినప్పుడల్లా రికార్డరు దొరకలేదనీ, టేపు చిక్కు పడిందనీ చెప్పుకొచ్చాను. చివరికి చెప్పడానికి సాకులు లేక, ఒక మధ్యాహ్నం రెండూ తీసుకుని రేపల్లె వెళ్ళి వాళ్ళ ముందు పెట్టాను.

వదిన ఆశగా ముందుకి వంగింది. రెండో పద్యం దాటాక నా వైపు తిరిగింది.

"ఇందులో మీ అన్నయ్య ఏడయ్యా?"

అన్నయ్యే చెయ్యి చాపి మిషను ఆపేశాడు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"రాలేదని నాకు ఆ రోజే తెలుసన్నయ్యా. మళ్ళీ పాడతానని నువ్వన్నావు, నేనే వద్దన్నాను. నన్ను క్షమించు" అన్నాను.