లేని జ్వరం

ఆ మిడిల్ స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పే ఆవిడకి పిల్లలు పెట్టుకున్న పేరు 'మళ్ళీ టీచర్'. తప్పు చేస్తే తిట్టేది కాదు, కొట్టేది కాదు. నోటుబుక్కు మీద వేలితో రెండుసార్లు తట్టి "మళ్ళీ చెయ్యి" అనేది. ఇరవై మూడేళ్ళుగా అదే మాట. ఆ పేరు తన చెవిన పడనట్టే ఉండేది గానీ, లోలోపల దానికి మురిసిపోయేది.

అన్ని స్కూళ్ళకీ ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రంతో పరీక్ష పెట్టి, వచ్చిన మార్కుల్ని బట్టి ఒక్కో స్కూలుకి ఒక్కో అక్షరం ఇవ్వడం మొదలై అప్పటికి మూడేళ్ళు. క్రితం ఏడాది వీళ్ళకి 'డి' వచ్చింది. అంతకంటే కింద ఇంకేమీ లేదు. ఆ అక్షరాన్ని అందరికీ కనపడేలా గేటు పక్క గోడకి తగిలించాలని రూలు. ఎవరు తయారుచేశారో గానీ, వీధి మలుపులోంచే కనపడేంత పెద్ద పలక. డ్రిల్లు మాష్టారు రోజూ దాని మీద తన రెయిన్ కోటు ఆరబెట్టేవాడు, వాన పడినా పడకపోయినా. అయినా ఏం లాభం? ఆ ఏడాది ముప్పై మంది పిల్లల్ని తల్లిదండ్రులు వేరే స్కూళ్ళకి మార్చేశారు. కూరగాయల షాపులో టీచర్ని ఒకావిడ "మీరు ఆ డి స్కూల్లోనా?" అని అడిగింది. మామూలుగానే అడిగింది, పాపం. టీచర్ మాత్రం సంచీ సగం నిండకుండానే ఇంటికొచ్చేసింది.

ఈ ఏడాది పరీక్షకి వారం ముందు హెడ్మాస్టరుగారు అందర్నీ కూర్చోబెట్టారు. మెత్తటి మనిషి. గొంతు పెంచడం ఆయనకి చేతకాదు.

"ఈసారి కూడా డి వస్తే స్కూలు మూసేసి, పిల్లల్ని పక్క స్కూల్లో కలిపేస్తారట. సీ వస్తే ఇంకో ఏడాది మన మీద కన్నేసి ఉంచుతారు. బి వస్తే మన జోలికి రారు," అన్నారు. కళ్ళజోడు తుడుచుకుని, "ఇంకోటి. జబ్బు చేసి, సెలవు చీటీ పెట్టిన పిల్లలు లెక్కలోకి రారని రూల్లో ఉంది. నేనేమీ చెప్పడం లేదు. రూలు చదివి వినిపించానంతే," అన్నారు.

ఎవరి టీ కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు.

మిగతావన్నీ ఎలాగో గట్టెక్కుతాయి. స్కూలుని కిందకి లాగుతున్నది ఏడో తరగతి లెక్కలే. టీచర్ స్టాఫ్ రూములో ఒక మూల కూర్చుని హాజరుపట్టీ ముందు పెట్టుకుంది. నలభై మంది. ఎంత సాగదీసినా ఇరవై ఆరు మందికి మించి పాసవరు. నూటికి అరవై ఐదు, అంటే సీ. బి రావాలంటే డెబ్భై కావాలి. అదే ముగ్గురు రాకపోతే ముప్పై ఏడుగురిలో ఇరవై ఆరు. డెబ్భై దాటుతుంది, వెంట్రుకవాసి తేడాతో. ఆ లెక్క కట్టడానికి ఆవిడకి నిమిషం కూడా పట్టలేదు.

ముగ్గురిలో ఇద్దరు ఎలాగూ వారానికి రెండు రోజులు బడికి ఎగనామం పెట్టేవాళ్ళే. మూడోది పిచ్చుక.

గొంతు అంత సన్నం కాబట్టి ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవారు. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. క్రితం ఏడాది పిచ్చుకకి నలభైకి నాలుగు మార్కులొచ్చాయి. ఈ ఏడాది మొదటి వారంలోనే సాయంత్రం బెల్లు కొట్టాక టీచర్ బల్ల దగ్గరికొచ్చి, "టీచర్, నాకు సగంలో మూడోవంతు అంటే అర్థం కావట్లేదు. కొంచెం సేపు ఉండనా?" అంది. అప్పట్నించీ రోజూ ఉండేది. టీచర్ పాత పేపర్లు మడతపెట్టి, విప్పి, గళ్ళు లెక్కపెట్టించేది. మూడు నెలలకి ఒకరోజు పిచ్చుక తనంతట తనే పేపరు మడిచి, "ఆరోవంతు! ఆరోవంతే కదా టీచర్?" అని కేకపెట్టింది. ఆ రోజు టీచర్ బస్సులో నవ్వుకుంటూ ఇంటికెళ్ళింది.

కానీ పిల్లది నెమ్మది. పాసవ్వాలంటే పదహారు కావాలి. అన్ని రావు. ఆ సంగతి టీచర్‌కి తెలుసు.

పరీక్షకి ముందు రోజు సాయంత్రం ముగ్గురిళ్ళకీ ఫోన్ చేసింది. మొదటి రెండు చోట్లా పని సులువుగానే అయిపోయింది. "అసలు వాడు లేస్తేగా టీచర్," అని నవ్వింది ఒకావిడ. మూడో నంబరు మాత్రం టీచర్ రెండుసార్లు నొక్కి చెరిపేసి, మళ్ళీ నొక్కింది.

"ఏం లేదమ్మా, ఇవాళ క్లాసులో పాప కాస్త నలతగా కనిపించింది. జ్వరం వచ్చేట్టుంది. రేపు ఇంట్లోనే ఉంచు. సెలవు చీటీ నేను చూసుకుంటా."

అవతల ఇస్త్రీపెట్టె బుస్సుమన్న చప్పుడు. "బాగానే ఉందే టీచరుగారూ," అంది తల్లి. ఇస్త్రీపెట్టె ఇంకోసారి బుస్సుమన్నాక, "సరే, మీరు చెప్తున్నారుగా," అంది.

టీచర్ అక్క అదే గదిలో బట్టలు మడతపెడుతోంది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. చెల్లెలి దగ్గరే ఉంటుంది. ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "ముప్పై ఏళ్ళు చేశానే నేను. ఫోన్లో జ్వరం చూసే డాక్టరు ఒక్కడూ తగల్లేదు నాకు," అంది.

"నీకు తెలీదులే అక్కా."

"తెలీకేం," అని అక్క మడతల్లో పడిపోయింది. అంతకంటే ఏమీ అనలేదు. అని ఉంటే పోట్లాడి అయినా తేలికపడేదాన్నని టీచర్ తర్వాత చాలాసార్లు అనుకుంది.

మర్నాడు తొమ్మిదింటికి పిల్లలంతా హాల్లోకి వెళ్ళారు. తలుపు వేయబోతూ టీచర్ వరండాలోంచి గేటు వైపు చూసింది. పిచ్చుక! ఉతికిన యూనిఫాం, చేతిలో రెండు పెన్సిళ్ళు. పరిగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది.

టీచర్ గబగబా ఎదురెళ్ళింది. "నువ్వెందుకొచ్చావే? ఒంట్లో బాగాలేదుగా?"

"అమ్మ పనికెళ్ళాక వచ్చేశాను టీచర్. పొద్దున నుదురు పట్టుకు చూసి వేడిగానే ఉందంది. నాకేమో ఏం తెలీట్లేదు." పిల్ల ముఖం పైకెత్తింది. "మీరొకసారి చూడండి టీచర్."

టీచర్ చెయ్యి పెట్టింది. నుదురు చల్లగా, పొద్దుటి చెమటతో కాస్త తడిగా ఉంది. హాల్లో ప్రశ్నపత్రాలు పంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకా తలుపు వేయలేదు. నాలుగడుగులు వేస్తే చాలు.

"అవును, కాలిపోతోంది. ఇంటికెళ్ళి పడుకో," అంది.

పిచ్చుక తన నుదురు తనే ఒకసారి ముట్టుకుని చూసుకుంది. "సరే టీచర్," అని వెనక్కి తిరిగింది. టీచర్ గేటు దాకా వెళ్ళలేదు. హాల్లోకెళ్ళి తలుపు వేసింది.

రెండు నెలలకి ఫలితాలొచ్చాయి. 'బి'. టీచర్ వేసిన లెక్క పొల్లుపోలేదు, ఇరవై ఆరు మందే పాసయ్యారు. డ్రిల్లు మాష్టారు రెయిన్ కోటు ఇంటికి పట్టుకుపోయాడు. పేపరువాళ్ళొచ్చి ఫోటో తీశారు. హెడ్మాస్టరుగారు పిల్లలందరి ముందూ టీచర్‌కి ప్రశంసాపత్రం ఇచ్చి, "ఈవిడ లేకపోతే మన స్కూలు లేదు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో వరసలో పిచ్చుక కూడా కొట్టింది, అందరికంటే గట్టిగా. టీచర్ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళకేసి చూస్తూ నిలబడింది. వినయం అనుకున్నారు జనం.

ఆ సాయంత్రం పిచ్చుక బల్ల దగ్గరికొచ్చింది. "టీచర్, ఆ పేపరు మీ దగ్గరుందా? నేను రాస్తే ఎన్నొచ్చేవో చూస్తా. జ్వరం లేకపోతే రాసేదాన్నేగా."

కాదనడానికి ఆవిడకి సాకు దొరకలేదు. పిల్ల ఖాళీ క్లాసులో కిటికీ పక్కన కూర్చుని గంటన్నర రాసింది. టీచర్ దిద్దింది. ఒకసారి దిద్ది, నమ్మకం చాలక ఇంకోసారి దిద్దింది. పధ్నాలుగు.

"పధ్నాలుగా!" పిచ్చుక ఎగిరి గంతేసింది. "కిందటేడు నాలుగే టీచర్!"

తన అంచనా తప్పలేదు. ఆ పిల్ల పరీక్షకి కూర్చుంటే ఫెయిలయ్యేదే. టీచర్‌ని నిలువునా కోసింది అదే. పదహారు వచ్చి ఉంటే 'పొరపాటు పడ్డాను' అనుకోవడానికైనా ఉండేది. తను ఏ పొరపాటూ పడలేదు. నాలుగు నుంచి పధ్నాలుగుకి ఎక్కిన పిల్లని, ఆ మెట్లన్నీ తన చేత్తో ఎక్కించి, పైనున్న తలుపు తనే మూసింది.

ఇంటికెళ్ళి అక్కకి అంతా చెప్పింది. హాలు బయట జరిగింది చెప్తుంటే ముఖం ఎత్తలేకపోయింది. అక్క విని, "నాతో చెప్తే ఏం లాభమే," అంది.

మర్నాడు పై ఆఫీసుకి రాసిన ఉత్తరం హెడ్మాస్టరుగారి ముందు పెట్టింది. ముగ్గురు పిల్లల్నీ తనే ఆపానని, జబ్బులు అబద్ధమని రాసింది. ఎవరో ఆపమన్నారని మాత్రం రాయలేదు. ఆయన చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వచ్చే ఏడాది రాయకూడదా ఇది?" అన్నారు చివరికి. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"వచ్చే ఏడాదికి అలవాటైపోతుందండీ నాకు."

ఉత్తరం పోస్టులో వేసి, అటునుంచి అటే లాండ్రీకి వెళ్ళింది. పిచ్చుక తల్లి ఆవిరి మధ్య ఒక చొక్కా కాలరు రుద్దుతోంది. టీచర్ నిలబడే చెప్పింది. చెయ్యి ఆపకుండానే వింది తల్లి.

"నాకు తెలుసు టీచరుగారూ. ఫోన్లోనే అర్థమైంది. మొద్దుపిల్ల, వస్తే మీకు చెడ్డపేరని. నుదురు పట్టుకు చూసి వేడిగా ఉందని నేను కూడా చెప్పానుగా." చొక్కా తిరగేసింది. "మీరొక్కరే అయితే మిమ్మల్ని తిట్టేదాన్ని. ఇప్పుడు ఏ నోటితో తిట్టను?"

"పాపకి చెప్తాను," అంది టీచర్.

"మీ సంగతి మీరు చెప్పుకోండి. నా సంగతి నేను చెప్పుకుంటా."

బెల్లు కొట్టాక, బల్ల దగ్గర, పిచ్చుక అంతా విన్నది. ఏడవలేదు. "అయితే ఆ రోజు నాకు జ్వరం లేదా టీచర్?"

"లేదమ్మా."

"మధ్యాహ్నం మాత్ర కూడా వేసుకున్నాను," అని, సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి సాయంత్రాలు ఉండలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టేది, అంతే.

ఆఫీసువాళ్ళు విచారణ జరిపి ముగ్గుర్నీ లెక్కలో కలిపారు. బి తీసేసి 'సీ' ఇచ్చారు. స్కూలు మూతపడలేదు. టీచర్ రికార్డులో మచ్చ పడింది. ఏడో తరగతి తీసేసి ఆరో తరగతి ఇచ్చారు. పరీక్ష హాలు ఛాయలకి రావద్దన్నారు. స్టాఫ్ రూములో ఆవిడ రాగానే మాటలు ఆగిపోయేవి. కోపంతో కొందరు, ఆ ఏడాది తామూ చేసిన ఫోన్లు గుర్తొచ్చి కొందరు. హెడ్మాస్టరుగారు ముందే రిటైర్మెంట్ తీసుకున్నారు. వెళ్ళే రోజు అందరితోనూ చేతులు కలిపి, ఆవిడ దగ్గరికొచ్చేసరికి ఉత్త తలూపి వెళ్ళిపోయారు.

మరుసటి ఏడాది ఎనిమిదో తరగతి మార్కుల పట్టీ బయట గోడకి అంటించారు. లోపల అడిగితే ఎవరైనా చెప్పేవారే, కానీ అడగడానికి ఆవిడకి నోరు రాలేదు. సాయంత్రం బెల్లయ్యాక తల్లిదండ్రుల గుంపులో వెనకాల నిలబడి, మెల్లగా గోడ దాకా చేరి, వేలు జరుపుకుంటూ పిచ్చుక అసలు పేరు వెతుక్కుంది. లెక్కలు, పంతొమ్మిది.

చెప్పుకోవడానికి పక్కన తెలిసినవాళ్ళెవరూ లేరు. వెనకనుంచి ఎవరో, "చూసుకోవడం అయిపోతే కాస్త జరగండమ్మా," అన్నారు. జరిగింది.