పూలజడల ఫోటోలు

వరదమ్మక్క పగబట్టిందని ఎవరైనా అంటే, పగబట్టదా మరి అంటాను నేను. నలభై ఏళ్ళు కడుపులో దాచుకుంది. పాముకైనా ఉంటుందా అంత ఓపిక?

తిరుత్తణిలో మా నేతవాళ్ళ వీధి మొదట్లోనే సుందరరాజ్ ఫోటో స్టూడియో. వరదమ్మ అతని తమ్ముడి భార్య. మగ్గం దగ్గరనుంచి లేచివచ్చి ఫోటోలు కడగడం నేర్చుకుంది, ఆపైన తీయడమూ నేర్చుకుంది. మా ఇళ్ళల్లో పిల్ల పెద్దమనిషైతే పూలజడ వేసి, వెనక నిలువుటద్దం పెట్టి, ముఖమూ జడా రెండూ పడేట్టు ఫోటో తీయించాలి. తీసేవాళ్ళు అద్దంలో కనపడకుండా దాన్ని ఓరగా తిప్పడమే అసలు నేర్పు. ఆ గదిలోకి పరాయి మగవాణ్ణి రానివ్వరు. అందుకే పూండి నుంచి పళ్ళిపట్టు దాకా కెమెరా మోసుకుని బస్సులెక్కింది వరదమ్మే. ఏడుస్తున్న నన్ను నవ్వించి తీసిందీ ఆమే. ఫోటో వెనక ముద్ర మాత్రం సుందరరాజ్‌ది. సొమ్మొకడిది, సోకొకడిది!

నేను ఆ ఫోటో తెచ్చుకోవడానికి వెళ్ళినరోజే ఆమె అడిగింది. "బావా, నేను తీసినవాటికి నా పేరు ఎయ్యగూడదా?"

అతను షాపంతా వినపడేలా నవ్వాడు. "కెమెరా నాది, ఈ అంగడి నాది. నువ్వు వైరు చివర బటను నొక్కినావంతే. నీకు పేరెందుకు? పో, పొయ్యి కాఫీ తీసుకొని రా."

తెచ్చింది. గ్లాసు పెడుతున్నప్పుడు ఆమె కళ్ళు చూసి నాకు భయమేసింది.

ఈ ఏడు తిరువళ్ళూరులో ఒక సంఘంవాళ్ళు సుందరరాజ్‌కు సన్మానం, ఫోటోల ప్రదర్శన పెట్టారు. నెగెటివ్‌లు వరదమ్మ దగ్గరే ఉన్నాయి. అడిగిందే తడవుగా ఇరవైరెండు ఏరి ఇచ్చింది. "నిలువెత్తు ఎయ్యించు బావా. సన్నవైతే ఎవురికి కనపడతాయి?" అంది. ముసలాయన పొంగిపోయాడు.

ప్రదర్శనకు ఆమెతో నేనూ, నా కూతురు తనుశ్రీ వెళ్ళాం. సుందరరాజ్ శాలువా కప్పుకుని చుట్టూ ఉన్నవాళ్ళకు చెబుతున్నాడు. "పిల్లను నేనే కూసోబెట్టి, నేనే నవ్వించి..."

సిగ్గు లేదూ!

"తాతా, అద్దంలో ఈమె ఎవురు?" అంది తనుశ్రీ.

అందరూ వంగి చూశారు. చేతిలో పట్టే ఫోటోలో నువ్వుగింజంత ఉండి ఎవరి కంటా పడనిది ఇక్కడ అరచేయంత ఉంది. జడ పక్కన, అద్దంలో, కెమెరా స్టాండును ఆనుకుని వరదమ్మ. పక్క ఫోటోలోనూ ఆమే. ఆ పక్కదాంట్లోనూ. మొదటిదాంట్లో జుట్టు నల్లగా, చివరిదాంట్లో నెరిసి, అన్నిట్లోనూ సూటిగా మనవైపే చూస్తూ. కాఫీ తెచ్చిన మర్నాటినుంచే అద్దాన్ని తనవైపు తిప్పుకుంది మహాతల్లి! నా ఫోటో అంతకుముందే తీసేసింది కాబట్టి అందులో ఆమె లేదు. ఆ కుళ్ళు నాకింకా పోలేదు.

సుందరరాజ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏందిమే ఇది?" అన్నాడు గొంతు తగ్గించి.

వరదమ్మ గొంతు తగ్గించలేదు.

"ఇరవైరెండు ఉండాయి బావా. నువ్వు యాడుండావో చూపీ."