బల్బు ఆరినా ఆగని చదువు

కంటాసుపత్రిలో అందరూ ఆమెను కడ్డీ అక్క అంటారు. వెలుగుపెట్టెలో అంకెల అట్ట బిగించి, సన్నటి కడ్డీతో ఒక్కో వరసా చూపిస్తూ "ఇదేంటి? మరి ఇది?" అని అడగడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా అదే పని. మనిషి మెడ వంచిన తీరు చూసే ఏ కంట్లో లోపముందో పసిగట్టేస్తుంది. డాక్టరుగారు కూడా "మీరేమంటారు?" అని అడిగాకే కలం తీస్తారు.

కంప్యూటరంటే మాత్రం మొదట్లో ఆమెకు పెద్ద గురి లేదు. రోగుల ఫైళ్ల మీద అంటించే నంబరు చీటీలు చేత్తోనే రాసేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఒకే నంబరు రెండుసార్లు పడేది. ఒకాయన ఎడమ కంటి సంగతి ఇంకొకాయన ఫైల్లోకెక్కి, ఇద్దరూ డాక్టరుగారి మీద విరుచుకుపడ్డారు. అప్పుడు కంప్యూటర్లు బాగుచేసేందుకు వచ్చిన పెద్దాయన, బొమ్మలేవీ లేని నల్లటి తెర ఒకటి తెరిచి చూపించాడు.

"జాట్ అని కొట్టండి మేడమ్. ఎన్ని నంబర్లు కావాలో, ఎక్కణ్ణుంచి మొదలవ్వాలో చెప్పండి. మిగతాది అదే చూసుకుంటుంది."

ఐదొందలు, వెయ్యిన్నొకటి నుంచి అని కొట్టింది. రెప్పపాటులో వరసగా బారులు తీరాయి, ఒక్కటీ తప్పకుండా. మూడు రోజుల చాకిరీ మూడు మాటల్లో తేలిపోయింది. ఇక ఊరుకుంటుందా? ఆ ఆజ్ఞను ఎలా వాడాలో చెప్పే ఇంగ్లీషు సహాయపుట ఒకటుందని తెలిసి, పక్కన నిఘంటువు పెట్టుకుని, భోజనమయ్యాక రోజుకు నాలుగు వాక్యాల చొప్పున చదివింది.

ఆ నెలలోనే బస్సు డ్రైవర్ల సాలీనా కంటి పరీక్ష వచ్చింది. వచ్చినవాళ్లలో ఆమె బావ, అంటే సొంత అక్క మొగుడు, ఒకడు. ఇరవై ఆరేళ్లుగా బస్సుకు గీత పడకుండా నడిపిన మనిషి. ఆ గర్వం ఆయన నడకలోనే తెలుస్తుంది. కుర్చీలో దర్జాగా కూర్చుని, ఒక కన్ను మూసుకుని, గడగడా మొదలుపెట్టాడు. నాలుగో వరసలో ఉండగా టప్పున బల్బు ఆరిపోయింది. కిటికీ కూడా లేని గది, కడ్డీ పట్టుకున్న చెయ్యే ఆమెకు కనపడటం లేదు.

చీకట్లోంచి బావ గొంతు ఆగకుండా వస్తోంది. "ఆరు, రెండు, తొమ్మిది, నాలుగు..." చివరి వరస చివరి అంకె దాకా చదివేసి, "అయిపోయిందిగా, సంతకం పెట్టెయ్ మరదలా" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే బస్సు గుర్తొచ్చింది. ఆ బస్సులో రోజూ ఎంతమంది ఎక్కుతారు!

"పెడతాను బావగారూ. ముందు బల్బు మార్చనివ్వండి. రేపు రండి."

సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నాలుగేళ్లుగా అదే అట్ట. బయట బెంచీ మీద కూర్చుంటే లోపలివాళ్ల జవాబులన్నీ తలుపు సందులోంచి వినపడతాయి. ఎక్కాల్లా అప్పజెప్పేస్తున్నారు!

నేరుగా నల్లతెర ముందు కూర్చుంది. జాట్ పక్కన చిన్న గీత, 'ఆర్' అనే అక్షరం చేరిస్తే వరస తప్పి, తోచిన అంకెలు వస్తాయని సహాయపుటలో చదివింది. రెండు నుంచి తొమ్మిది లోపల ఎనిమిది అంకెలు అడిగింది. మళ్లీ అడిగింది. వచ్చింది మళ్లీ రాలేదు. ఒకటీ సున్నా మసకగా కనిపించినా పోల్చుకోవచ్చని వాటిని కావాలనే వదిలేసింది. పాత అట్ట మీద స్కేలు పెట్టి కొలిచి, అవే సైజుల్లో అచ్చు తీసింది.

"ఎన్ని రకాలు చేశారు?" అన్నారు డాక్టరుగారు.

"పన్నెండండీ. అడిగితే నేను కూడా చూడకుండా చెప్పలేను."

మర్నాడు బావ మూడో వరస దగ్గర ఆగిపోయాడు. కళ్లు చిట్లించాడు. పాత అట్ట మీది అంకెలే కొన్ని విసిరి చూశాడు. చివరికి లేచి నిలబడ్డాడు.

"ఇంటి మనిషివై ఉండి నా ఉద్యోగానికే ఎసరు పెడతావా?"

"ఉద్యోగానికి కాదు బావగారూ, మీ కంట్లో పొరకి. రెండు కళ్లలోనూ ఉంది. తీయించుకోండి, మళ్లీ నేనే పరీక్ష చేస్తాను."

ఆయన చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తింది.

"మంచిపని చేశావే! మొన్న చక్కెర అనుకుని టీలో ఉప్పేసుకుని, బాగుందంటూ తాగేశారు. ఒప్పుకుంటే పరువు పోతుందట. ఇప్పుడు అలిగి నాతో మాట్లాడటం మానేశారు, ఇల్లెంత ప్రశాంతంగా ఉందో!"

ఆ ప్రశాంతత నాలుగు రోజులే. ఐదోనాడు అక్కే చెయ్యి పట్టుకుని ఆయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చింది. ముందు ఒక కన్ను, నెలకు రెండోది. ఆపరేషనయ్యాక కట్టు విప్పగానే ఆయన మరదలి ముఖం వైపు చూసి, "నీకు ఇంత తెల్లజుట్టు ఎప్పుడొచ్చింది?" అన్నాడు. క్షమాపణ అడిగినట్టు అనిపించింది ఆమెకు.

మూడు నెలలకు మళ్లీ అదే కుర్చీ. ఆ ఉదయమే తీసిన కొత్త అట్ట. బావ తొందరపడలేదు. ఒక్కో అంకె దగ్గరా ఆగి, తాపీగా కింది వరస దాకా దిగాడు. చివర్లో మాత్రం అనుమానంగా తల తిప్పాడు.

"పక్కపక్కనే రెండు నాలుగులున్నాయేంటి? తప్పు అచ్చేశావా?"

"అంకెలిచ్చే కంప్యూటరుకి ముందూ వెనకా చూసుకోవడం తెలీదు బావగారూ, ఎలా తోస్తే అలా ఇస్తుంది. రెండు నాలుగులూ మీకు కనపడ్డాయిగా, అది చాలు."

ఫారం మీద ఆమె సంతకం పెట్టింది. అది పట్టుకుని బయటికొచ్చిన బావ, బెంచీ మీద చెవులు రిక్కించి కూర్చున్న డ్రైవర్ల ముందు నిలబడ్డాడు.

"వినీ లాభం లేదర్రా! లోపల ఎవరికి ఏ అట్ట పెడుతుందో మా మరదలికే తెలీదు. కళ్లుంటేనే వెళ్లండి!"

లోపల కడ్డీ అక్క అట్ట మార్చి, తర్వాతి మనిషిని పిలిచింది.