పెదనాన్న లైట్ల స్విచ్

కార్వాన్ బస్తీలో బర్రెల కొట్టం పక్కనే మా పెదనాన్న తన పాతకాలపు కారును పెట్టుకునేవాడు. దాని స్టీరింగ్‌కు అమర్చే లైట్ల స్విచ్ కోసం ఏళ్లు తిరిగాడు. దొరికాక, స్టీరింగ్ కింద తల దూర్చి, వైరుకు వైరు కలిపి తనే బిగించాడు. ఒక్కసారి వేసి చూశాడు, అంతే. ఎవరు దగ్గరికొచ్చినా, "ముట్టకుండ్రి, అరుగుతది" అనేవాడు.

ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు బర్రె ఈనుతోంది. దూడ అడ్డం తిరిగింది. ఫోన్ వెలుగు చాలలేదు.

"కారు లైట్లెయ్యి!" అని అరిచింది పెద్దమ్మ.

"స్విచ్ అరుగుతది గదనే!"

ఆమె ఆయన్ను నెట్టేసి తనే వేసింది. ఆ వెలుగులో దూడను సరిచేసి బయటికి లాగింది. తల్లి దాన్ని నాకడం మొదలుపెట్టింది.

"రెండూ మంచిగున్నయా అన్నా?" గోడ అవతలి నుంచి పక్కింటాయన అడిగాడు.

కారు ముందు నిలబడ్డ పెదనాన్న మురిసిపోతూ చెప్పాడు:

"మస్తు వెలుగుతున్నయ్ భాయ్!"